అవ్వ తీసిన కలుపు

శామీర్‌పేట దగ్గర మా వరి మడిలో ఇప్పుడు లాన్ గడ్డి పెంచుతున్నాను. కండ్లకోయ వైపు కొత్త ఇళ్లవాళ్లు దాన్ని చాపల్లా కోయించుకుని తీసుకెళతారు. నాటిన తీగలు నేలంతా అల్లుకునేదాకా, మధ్యలో ఒక్క పిచ్చిమొక్క కనబడినా నాకు ఒళ్లు మండుతుంది.

మొన్నటి వానాకాలంలో ఒకరోజు మేడ్చల్ వెళుతూ, మడిలో కలుపు తీయమని మా అవ్వకు చెప్పాను. జీవితమంతా వరిలో కలుపు తీసిన మనిషి కదా అని నిశ్చింతగా పోయాను. తిరిగొచ్చేసరికి ఒక మూల లాన్ గడ్డంతా వేర్లతో సహా గట్టు మీద కుప్పగా పడి ఉంది. దాని మధ్య మొలిచిన గంగవాయిలి కూర మాత్రం చెక్కుచెదరలేదు.

"నేను పెంచేదే గడ్డి గదనే అవ్వా! దాన్నే పీకినవేంది?" అని అరిచాను.

"తినే కూర పీకి గడ్డి ఉంచుతరార ఎవలన్న? మనకు బర్లు గూడ లేకపాయె" అంది అవ్వ నింపాదిగా.

ఆ పూట గంగవాయిలి పప్పు వండింది. కోపంగానే కూర్చుని, రెండుసార్లు వేయించుకున్నాను.

ఆ మూలలో నేను మళ్లీ నాటలేదు. గడ్డి అటు పాకినప్పుడల్లా నేనే వంగి పీకేస్తున్నాను.