గాసునూనె డబ్బాలో నూరువరహాలు

ఇవాళ పొద్దున చంద్రపూర్‌లో మా ఇంటిముందరి నూరువరహాల చెట్టు మీద నల్ల సీతాకోకచిలుక వాలింది. ఆ పూలకు వాసన ఉండదు. నాకు మాత్రం గాసునూనె వాసన, అదే కిరసనాయిలు వాసన వచ్చింది.

రాజురా దిక్కు పెరిగిన నా ఈడువాళ్లకు యాదికుందా, మన తాలూకా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి మరాఠీవాళ్ల దిక్కు కలిసిన రోజులు? ఆదిలాబాదు వైపు వెళ్లిపోదామని తాత అన్నప్పటి నుంచి నాయనమ్మ ఏ పూలమొక్కనూ నేలలో పెట్టలేదు. బండెక్కించుకుని పోవచ్చని ఖాళీ గాసునూనె డబ్బాల్లో పెట్టేది. ఆ ఎర్రటి గుత్తుల చుట్టూ సీతాకోకచిలుకలు ముసిరితే మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

పంట చేతికొచ్చాక పోదాం, చిన్నత్త పెళ్లయ్యాక పోదాం అంటూ ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. చివరికి బండి కట్టిన రోజు తాత నూరువరహాల డబ్బా లేపబోతే అది కదల్లేదు. తుప్పుపట్టిన అడుగులోంచి వేళ్లు నేలలోకి దిగిపోయాయి.

"వేర్లు తెంపాల్నా ఏంది?" అన్నాడు తాత.

"వద్దు. గది ఈడనే ఉంటనంటుంది. మనకేం తక్కువైంది?" అంది నాయనమ్మ.

తాత ఎడ్లను విప్పేశాడు.

మేం ఈ దిక్కే మరాఠీ బడిలో చదివాం, ఈ దిక్కే బతికాం, బాగా బతికాం. ఆ తుప్పుకు దండం పెట్టాలనిపిస్తుంది.

మా ఇంటిముందరిది ఆ చెట్టు కొమ్మే. నాటేరోజు కోడలు కుండీ తెచ్చింది. నేను నేలలోనే పెట్టించాను.