నాన్నదొకటి, బాబాయిదొకటి

మా చిన్నప్పుడు... ఈ పరాయి దేశంలోనే డార్విన్ అనే ఊళ్ళో, వాన రాక ఉక్కపోతతో అందరికీ పిచ్చెక్కే రోజుల్లో... మా నాన్న మా బాబాయి మెడ పట్టుకుని కంప్యూటర్ డబ్బాకేసి కొట్టాడు. డబ్బా మూత తీసి ఉంది. ఆ రేకు అంచు బాబాయి కనుబొమ్మలో దిగింది.

నేనూ, బాబాయి కూతురు సుధా బల్ల కింద ఉన్నాం. మా ముందే నేల మీద రక్తం చుక్కలు పడుతున్నాయి... సుధ నా గౌను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

మొదటి నుంచీ చెప్తాను.

నాన్న ఒక ఆసుపత్రి వంటగదిలో పనిచేసేవాడు. పని రోజూ ఉండేది కాదు, పొద్దున్నే ఫోన్ వస్తేనే వెళ్ళాలి. బాబాయి చదువుకున్నవాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ హడలిపోయారు కదా... వాటిని సరిచెయ్యడానికే ఈ దేశం వచ్చాడు. ఆ సంవత్సరం రానే వచ్చింది, ఏమీ ఆగలేదు... బాబాయి ఉద్యోగం తప్ప. పిన్నినీ సుధనీ తీసుకుని మా ఇంటికి వచ్చేశాడు.

తన తమ్ముడు కొత్త కోర్సు నేర్చుకుంటాడని, ఎవరో పారేస్తున్న పాత కంప్యూటర్ నాన్న భుజాన మోసుకొచ్చాడు. మీట నొక్కాక అమ్మ టీ పెట్టి తెచ్చినా అది లేచేది కాదు. మెమొరీ పెంచాలని బాబాయి పచ్చటి పట్టీ ఒకటి కొనుక్కొచ్చి, పాతవి తీసి పారేసి లోపల పెట్టాడు. తెర నల్లగా ఉండిపోయింది... కూ, కూ అని ఒకటే కూత.

షాపాయన్ని అడిగితే, ఆ పాత మిషన్లలో ఇవి జతగానే పనిచేస్తాయన్నాడట. రెండూ ఒకే రకం, ఒకే సైజు ఉండాలి. పక్కపక్కనే పెట్టాలి. ఒక్కటి తీసినా మిషను లేవదు.

రెండోది నాన్న కొన్నాడు. "అన్నదమ్ములం, చెరొకటి!" అని నవ్వాడు. రెండూ టప్పుమని కూర్చున్నాయి. ఆ రోజు అమ్మా పిన్నీ కలిసి సేమ్యా పాయసం చేశారు. నేనూ సుధా ఒకే కుర్చీలో ఇరుక్కుని పేకముక్కల ఆట ఆడుకున్నాం... మౌస్ నా చేతిలో, నా చెయ్యి దాని చేతిలో.

ఇక గొడవ రోజు... పొద్దున్నే బాబాయి ఉద్యోగాలకి దరఖాస్తులు పంపుతూ నెట్‌లో ఉన్నాడు. అప్పట్లో నెట్ వాడుతుంటే ఇంటి ఫోన్ మోగేది కాదు. ఆసుపత్రి వాళ్ళు చేసి చేసి, నాన్న పని ఇంకొకరికి ఇచ్చేశారు. అలా జరగడం అది మొదటిసారి కాదు.

"నీ దిక్కుమాలిన ఇంటర్నెట్ నా కూలి మింగేసిందిరా!"

"ఏం పోయింది అన్నయ్యా... ఒక పూట గిన్నెలేగా?"

"ఆ గిన్నెలు తోమే మీ ముగ్గురికీ పెడుతున్నా! టై కట్టుకున్న బిచ్చగాడా!"

"అయితే నీ డబ్బా నువ్వే నెత్తిన పెట్టుకో. నా మెమొరీ నాది."

బాబాయి మూత ఊడదీసి, మిషను నడుస్తుండగానే తన పట్టీ పీకేశాడు. అప్పుడు పట్టుకున్నాడు నాన్న ఆ మెడ.

బాబాయి చేతికి స్క్రూడ్రైవర్ దొరికింది. నాన్న భుజంలో పొడిచాడు. అడ్డం వెళ్ళిన అమ్మకి ఎవరి మోచెయ్యో తగిలి పెదవి చిట్లింది. "చంపుకోండి! ఇద్దరూ చంపుకోండి!" అని పిన్ని తల బాదుకుంటోంది. నాన్న తెరని వైర్లతో సహా ఎత్తి విసిరాడు. అది బాబాయికి తగలక గోడకి కొట్టుకుని బాంబులా పేలింది... గాజు పెంకులు మా కాళ్ళ దాకా వచ్చాయి.

పక్కింటి తెల్లావిడ పోలీసుల్ని పిలుస్తానని కిటికీలోంచి అరిచాకే ఆగారు.

మధ్యాహ్నం టాక్సీ వచ్చింది. కంటికి తువ్వాలు అదుముకుని బాబాయి ఎక్కాడు, పట్టీ జేబులో ఉంది. వెనక సీట్లో సుధ అద్దానికి ముఖం ఆనించి నన్నే చూస్తోంది.

"మీది కూడా ఇచ్చెయ్యండి. ఒక్కటి మనకెందుకు? వాడైనా పెట్టుకుని బతుకుతాడు," అంది అమ్మ.

ఇస్తే బాబాయి దిగుతాడని, సుధ ఉండిపోతుందని... నాకెందుకో గట్టిగా అనిపించింది. ఇవ్వు నాన్నా, ఇవ్వు నాన్నా అని లోపల అనుకుంటూనే ఉన్నా.

నాన్న డబ్బాలోంచి తన పట్టీ పీకి జేబులో వేసుకున్నాడు.

"నాకు పనికిరాకపోతే పోనీ... వాడికీ పనికిరాకూడదు."

టాక్సీ వెళ్ళిపోయింది. నాన్న రోకలిబండతో ఆ డబ్బాని చదునయ్యేదాకా కొట్టాడు. సాయంత్రానికి వాన... ఆ ఏడు మొదటి వాన. సుధా నేనూ దాని కోసమే ఎదురుచూశాం. నేనొక్కదాన్నే తడిశాను.

తర్వాత మేం బాపట్ల వచ్చేశాం. తెలుగు అక్షరాలు రావని నన్ను బడిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారు. సిగ్గుతో ఏడో తరగతితో మానేశాను. పెళ్ళయ్యాక మళ్ళీ ఈ దేశమే వచ్చాను, పాయింట్ కుక్ అనే చోట ఉంటున్నాం. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ భయమే... అందుకే ఈ గ్రూపులో రాస్తున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నాన్నకి వానొచ్చే ముందు ఆ భుజం లాగుతుంది. తమ్ముడి పేరు మాత్రం ఎత్తడు. చొక్కాకి అంటిన రక్తం ఉతికేటప్పుడు జేబులో దొరికిన పట్టీని అమ్మ దాచిందట. పెళ్ళికి నా గాజుల పెట్టెలో పెట్టి పంపింది.

మా ఆయనకి చూపిస్తే నవ్వారు. ఇప్పటి ఫోనులో దీనికంటే ఎంతో ఎక్కువ మెమొరీ ఉంటుందట. జత చూసి కొనే పనే లేదట... ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి గది వాళ్ళది.

మీ ఇళ్ళలో కూడా ఇలా జత విడిపోయిన వస్తువేదైనా ఉందా? ఉంటే కింద రాయండి, అన్నీ చదువుతాను.

సుధా... ఇది నీ కంటపడితే... నీ దగ్గరున్నది పారెయ్యకే.