రజిత రెండోసారి అడుగుతనన్నది

నేను రజిత వాళ్ల అవ్వను. బిడ్డ ఫోన్‌ల, అందరికి కనవడేటట్టు రాస్తున్న.

రజిత లేదు.

గీ మాట రాసిన గని నాకే నమ్మబుద్ధి అయితలేదు.

నిన్న పొద్దున తొమ్మిదింటికి బోధన్‌ల మా ఇంట్లకెంచి స్కూటీ మీద కాలేజికి పోయింది. జొన్నరొట్టె, పప్పు బాక్స్‌ల పెట్టిచ్చిన. పదకొండింటికి నేను చాట ఒళ్లె పెట్టుకోని బీడీలు చేస్తున్న. ఫోన్ మోగింది. కాలేజి అటెండర్ సాయిలు.

"అక్కా, మేడం లైబ్రరీల పడిపోయింది. నిజామాబాద్ తీస్కపోతున్నం. ఆటో పంపిన, జల్ది రా."

నిచ్చెన మీదికెంచి పడ్డదేమో, చెయ్యో కాలో ఇరిగిందేమో అనుకున్న. పట్టీ కట్టిచ్చి తీస్కొస్త అనుకోని చాట సుత తియ్యలే. గట్లనే పెట్టి పోయిన.

గుండె ఆగిపోయిందన్నడు డాక్టర్.

ముప్పై నాలుగేండ్ల పిల్లకు గుండె ఎట్ల ఆగుతది? పొద్దున నవ్వుకుంట పోయిన పిల్లకు?

పొద్దుగూకకముందే సాగనంపినం. ఇంటికొచ్చి చూస్తే చాట గట్లనే ఉంది. సగం చుట్టిన బీడీ గట్లనే ఉంది.

ఇయ్యాల పొద్దటి సంది ఈ ఫోన్ మోగుతనే ఉంది. "మేడం, పేపర్ల కోసం ఇంటికి రావాల్నా?" అని ఒక పిల్ల మెసేజ్ పెట్టింది. ఆమెకింక తెల్వదు. గందుకే రాస్తున్న. తప్పులుంటే సదురుకోండ్రి. నాకు అక్షరాలు నేర్పింది రజితనే, పెద్దగైనంక.

తెల్వనోళ్లకు చెప్తున్న. రజిత డిగ్రీ కాలేజిల లైబ్రేరియన్. "మేడం, గైడ్ ఇయ్యండి" అని పిల్లలు వస్తే ఊకె ఇయ్యకపోయేది.

"ఇస్త గని, నీకేం తెల్సుకోవాలని ఉందో ముందు చీటీ మీద రాయి" అనేది.

"ఎగ్జామ్‌ల ఏమొస్తదో తెల్సుకోవాలె" అని ఒకడు రాసిండంట. మస్తు నవ్వింది. వాన్ని కూసోవెట్టి, వాళ్ల నాయిన పసుపు ఉడకబెట్టుడు మీద ప్రశ్న రాయిచ్చింది. పుస్తకాలు తీసింది. ఏడేడనో చేసిన రీసెర్చ్ కంప్యూటర్‌ల సూపిచ్చింది. చదువు చెప్పే సార్‌ను సుత లైబ్రరీకే గుంజుకొచ్చింది. ఆఖరికి "ఇగ ఊరికి పోయి మీ నాయిననే అడుగు" అన్నదంట.

పోయినేడు ఆడపిల్లలు కొందరు బీడీలు చేసేటోళ్ల చేతి నొప్పుల మీద ప్రాజెక్ట్ చేసిండ్రు. మూడు ఊర్లు తిరిగి పేపర్లు నింపుకొచ్చిండ్రు. రజిత ఇంటికి తెచ్చి, మంచం మీద ఊరికొక్క కుప్ప పెట్టి, తానానికి పోయింది.

ఫ్యాన్ గాలికి లేస్తున్నయి. పాపం, బిడ్డకు సాయం చేద్దామని అన్ని కలిపిన. ఇరవై ఐదేసి లెక్కవెట్టి, బీడీ కట్టలు కట్టినట్టు దారం సుట్టిన. నా చేతులకు గదే అలవాటు.

పేపర్ల మీద పేరు లేదంట, ఊరు లేదంట. కుప్పను చూసే ఏ ఊరో తెల్సుడు.

బయటికొచ్చి నెత్తి పట్టుకున్నది.

"అవ్వా! గివి బీడీలనుకున్నవా?"

"మంచిగనే కడితిని గదనే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

"కార్ఖానల ఇయ్యిపో మరి, తీస్కుంటరేమో" అని ఏడ్వలేక నవ్వింది.

పిల్లలు మళ్ల ఊర్లకు పోయిండ్రు. ఈసారి దర్వాజల నిలవడి పెన్ను పట్టుకోలే. లోపల కూసోని, ఆకు కత్తిరిచ్చుకుంట ముచ్చట పెట్టిండ్రు. మొదటిసారి నొప్పి లేదన్నోళ్లే ఈసారి చేతులు సూపిచ్చిండ్రు. నొప్పి అంటే కార్ఖానోళ్లు ఆకు తక్కువ ఇస్తరేమోనని అందరికి భయం. నేను సుత మొదలు "నాకేం లేదు బిడ్డా" అన్న. రెండోసారి బొటనేలు సూపిచ్చిన, వంగదు ఇది.

"అవ్వా, నీ కట్టలతోనే ఈళ్లకు అసలు చదువు దొరికింది" అన్నది రజిత. అప్పటి సంది లైబ్రరీల అదే రూల్. ఎవర్నైనా రెండుసార్లు అడగాలె.

ఈ ఏడు ప్రాజెక్ట్, మా అసొంటోళ్లు చదువు ఎందుకు ఆపిండ్రని. ఒక పిల్ల వచ్చి అడిగితే "మా బాపు పంపలే" అని రాయిచ్చిన. రజితకు సుత చిన్నప్పటి సంది గదే చెప్పిన.

నిన్న చెప్పులేసుకుంట అన్నది.

"అందరియి రెండోసారి అయినయి. నీదొక్కటే ఉంది. సాయంత్రం నేనే అడుగుత. ఈసారి నిజం చెప్పాలె."

"నువ్వేమన్న పోలీసువా?"

"లైబ్రేరియన్‌ను. పోలీసుకంటె ఎక్కువ."

గదే ఆఖరి మాట.

సాయంత్రం చెప్దామనే అనుకున్న బిడ్డా. ఒట్టు.

ఇగ విను. మా బాపు పంపిండు. పలక కొనిచ్చిండు. నేనే పోలే. మూడో తరగతిల లేచి చదవమంటే నాకు రాలే, అందరు నవ్విండ్రు. తెల్లారి బడికని పోయి చెరుకు తోటల దాక్కున్న. ఆరు దినాలు గట్లనే. బాపు దొరకవట్టి, కొట్టలే, "ఇగ వద్దులే" అన్నడు. పాపం, ఇన్నేండ్లు ఆయన మీదనే పెట్టిన. నువ్వు గంత చదివినంక చెప్పనీకె సిగ్గయింది.

నా పేపర్ తీసి, "రెండోసారి" అని ఉన్న కాడ నా చేత్తోనే ఇది రాసిన.

పిల్లలూ, పేపర్లు ఇంట్లనే అల్మార మీద ఉన్నయి. వచ్చి తీస్కపోండ్రి. మీ మేడం లేదని పని ఆపకుండ్రి. ఈసారి నేను కట్టలు కట్టలే. ఏ ఊరియి ఆ ఊరి కుప్పలనే ఉన్నయి.

రజితా, అందరియి అయినయి. నాది సుత అయింది.

పైలంగ పో బిడ్డా. నీ పానం సల్లగుండాలె.