బల్ల కింద పదమూడు ప్రదర్శనలు

1978 అక్టోబరులో జాతీయ మోటారు ప్రదర్శన మొట్టమొదటిసారి బర్మింగ్‌హామ్‌కి వచ్చినప్పుడు దేశ గౌరవం విల్ఫ్ ట్రాంటర్ కాళ్ల మీద నిలబడింది. ఇది అలంకారం కాదు. నిజంగా కాళ్ల మీదే, అదీ నడుం వంచి.

అంతకుముందు ఆ వైభవమంతా లండన్‌ది. కార్లు చేసేది మనం, చప్పట్లు కొట్టించుకునేది వాళ్లు అని బర్మింగ్‌హామ్ జనం ఏళ్ల తరబడి సణిగి సణిగి, చివరికి సాధించుకున్నారు. విల్ఫ్ పనిచేసే కంపెనీ ‘మెర్షియా’ అనే కొత్త కారును గుండ్రటి బల్ల మీదికెక్కించింది. దాని ఒంటి మీది నీలం రంగు విల్ఫ్ చేతి చలవే, తొమ్మిది పూతలు. మీట నొక్కితే బల్ల మూడు నిమిషాలకొక చుట్టు తిరగాలి. మోటారు దివ్యంగా ఉంది. దానికి తీగ కలిపే హక్కు ఎవరిదన్నదే తేలలేదు. బల్ల తిరుగుతుంది గనుక అది వాహనం, మాది అన్నారు ఫిట్టర్ల సంఘంవారు. నేలకు బిగించారు గనుక అది కట్టడం, మాది అన్నారు కరెంటు పనివారి సంఘంవారు. ఇద్దరి వాదనా న్యాయంగానే ఉండటంతో రాజీ కుదరలేదు. వ్యవహారం కమిటీకి వెళ్లింది. ఒంటి బలంతో తోయడం గురించి మాత్రం ఏ సంఘం నిబంధనల్లోనూ ఒక్క ముక్క లేదు.

“శుక్రవారానికల్లా తీర్పొచ్చేస్తుంది తమ్ముడూ,” అన్నాడు మేస్త్రీ హింగ్లీ. “అందాకా నువ్వు బల్ల కిందికి దూరి తొయ్యి.”

“నేనే ఎందుకు?”

“పొట్టివాడివి. పైగా పెయింటువాడివి. నీ గురించి ఎవరూ కొట్టుకోరు.”

శుక్రవారం వచ్చింది, తీర్పు రాలేదు. పది రోజులూ విల్ఫ్ ఆ చీకట్లో ఇనప కమ్మీ పట్టుకుని గానుగెద్దులా తిరిగాడు. గాలి కోసం అడుగున జానెడు సందు వదిలారు. అందులోంచి ప్రదర్శన మొత్తం అతనికి బూట్ల రూపంలో దర్శనమిచ్చింది. తోపులాడుకునే బూట్లు, ఒకదాన్నొకటి తొక్కుకునే బూట్లు.

శనివారం అతని భార్య బెరిల్ టిక్కెట్టు కొనుక్కుని వెళ్లింది.

“ఎలా ఉంది?” అన్నాడు ఆ సాయంత్రం టీ తాగుతూ.

“మహారాణిలా తిరుగుతోంది విల్ఫ్. ఆ నీలం మీద వెలుగు అలా జారిపోతుంటే ఊపిరాడలేదనుకో. మూడింటికి మాత్రం ఆగిపోయిందేం?”

“నువ్వు కట్టిచ్చిన పోర్క్ పై తింటున్నా.”

ఆ మాట విన్నప్పటి నుంచీ విల్ఫ్‌కి ఒకటే కోరిక. బెరిల్ పక్కన నిలబడి, తన నీలం ఒక్క చుట్టు తిరగడం చూడాలి. హింగ్లీని అడిగాడు.

“మూడంటే మూడు నిమిషాలు ఇప్పించండి.”

“నువ్వు బయటికొస్తే అది ఆగుతుంది కదరా! ఆగినదాన్ని ఏం చూస్తావ్?”

“ఇంకెవరినైనా దూర్చండి.”

“అమ్మో! కమిటీ చెవిన పడితే తోసే పని ఎవరిదో కూడా తేల్చాలంటారు. వచ్చేసారి చూద్దాంలే.”

ప్రదర్శన రెండేళ్లకోసారి. వచ్చేసారి అదే మాట, ఆపై సారి అదే మాట. 1986లో కమిటీ నలభై పేజీల తీర్పు వెలువరించింది: బల్ల కట్టడమే, తీగ కరెంటు పనివారే కలపాలి. అప్పటికి కంపెనీ తన కరెంటు పనివాళ్లందరినీ ఇంటికి పంపేసి ఏడాదైంది. తీర్పును అందరూ గౌరవించారు. విల్ఫ్ మళ్లీ కిందికి దూరాడు.

బల్ల మీద కార్లు మారాయి. కంపెనీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి, వాళ్ల దగ్గర్నుంచి సముద్రం అవతలివాళ్లకి పోయింది. పెయింటు కూడా యంత్రాలే వేయసాగాయి. విల్ఫ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు గానీ, రెండేళ్లకోసారి పది రోజులకు మాత్రం మర్యాదగా కబురు పెట్టేవారు. ప్రదర్శన క్షీణించిందని పత్రికలు రాయకముందే అతనికి తెలిసింది. ముందు పిల్లల బూట్లు తగ్గాయి. తర్వాత ఎవరూ ఎవరినీ తొక్కడం మానేశారు. 2002లో పొద్దున చూసిన గోధుమరంగు బూట్లే సాయంత్రం మళ్లీ కనిపిస్తే, చుట్టం వచ్చినంత సంబరపడ్డాడు.

బెరిల్ మాత్రం ఒక్క ప్రదర్శన తప్పలేదు. ప్రతిసారీ ఇంటికొచ్చి వర్ణించేది, అతను కళ్లు మూసుకుని వినేవాడు.

2004లో ప్రదర్శనలో కంపెనీ కారు నిలిపే స్టాండు పని ఇమోజెన్ అనే లండన్ అమ్మాయి చేతికొచ్చింది.

“తిరిగే బల్లలు పాతబడిపోయాయండీ మిస్టర్ ట్రాంటర్. ఈసారి కారు కదలదు. వెనకాల తెర మీద కొండల్లో పరిగెడుతుంది.”

“మరి నేను?”

“మీరు హాయిగా చూడొచ్చు!” అని రెండు టిక్కెట్లు చేతిలో పెట్టింది.

అలా యాభై ఎనిమిదో ఏట విల్ఫ్ ట్రాంటర్ బెరిల్ పక్కన, జనాన్ని ఆపే తాడుకి ఇవతల నిలబడ్డాడు. కారు కదల్లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

“పోనీ, మొదటి మెర్షియా గురించి చెప్పు,” అన్నాడు విల్ఫ్. “తలుపు వంపు దగ్గర నీలం ఎలా ఉండేది?”

బెరిల్ చేతిసంచి కొక్కెం రెండుసార్లు తీసి పెట్టింది.

“నాకు తెలీదు విల్ఫ్.”

“తెలీకపోవడమేంటి?”

“నేను పైకి చూడలేదు. సందులోంచి నీ బూట్లు కనిపించేవి. మీ నాన్న నలభై ఐదో ఏట పనిలోనే కూలిపోయాడు కదా. నీ కాళ్లు ఆగిపోతాయేమోనని వాటినే చూస్తూ నిలబడేదాన్ని.”

“మరి మహారాణి? జారే వెలుగు?”

“స్టాండులో పంచే పుస్తకంలో ఉందిగా.”

“పదమూడు సార్లూ?”

“పదమూడు సార్లూ. మూడింటికి ఆగినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. తమరేమో పై తింటున్నారు.”

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

“అంటే దాన్ని ఎవరూ చూడలేదన్నమాట,” అన్నాడు.

“అంతమంది జనం చూశారుగా.”

“జనం ఊరికే ఇచ్చే సంచుల కోసం వచ్చారు.”

ప్రదర్శన తిరిగి లండన్‌కే వెళ్లింది. అక్కడ రెండుసార్లు ఊపిరి పీల్చి, మూడోసారి కార్లు పెట్టేవాళ్లే లేక రద్దయింది. ఆ వార్త వచ్చిన ఉదయం బెరిల్ పత్రిక చూస్తూ, “విల్ఫ్, మోటారు ప్రదర్శన ఇక లేదట. చాలా బాగా రాశారు, విను...” అని మొదలుపెట్టింది.

“ఇలా ఇవ్వు,” అని అతను ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని, అద్దాలు పెట్టుకుని, తనే చదువుకున్నాడు.