ఒక్క సంతకం చెల్లదు

కొలతాయన అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఏరు పైదేశం దాటి ఈ దేశంలోకి దిగే చోట, వంతెన కింద ఓ రాతిస్తంభం ఉంది. ఇరవయ్యారేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి దాని మీద నీటిమట్టం చదవడమే ఆయన పని. పైదేశపు కొలతమనిషి పడవలో వస్తాడు. ఇద్దరూ చదివి, ఒకరి పుస్తకంలో ఒకరు సంతకం చెయ్యాలి. ఒక్క సంతకం చెల్లదు. మట్టం వరసగా పదిరోజులు మూడడుగులకంటే తగ్గితే పైవాళ్లు ఆనకట్ట గేట్లు ఎత్తాలని ఒప్పందం. ఏ పెళ్లీ కలపకుండానే వీళ్లిద్దరూ బావలైపోయారు.

ఆరేళ్ల కిందట వరదకి స్తంభం ఒరిగింది. పైఅధికారులకి రాస్తే ఇంజనీర్లొచ్చి తేల్చేసరికి ఏడాది పడుతుంది. "మన చేతులేమన్నా పడిపోయాయా బావా?" అనుకుని ఇద్దరే నిలబెట్టేశారు. అది నాలుగంగుళాలు లోతుకి దిగిందని తర్వాత తెలిసింది. ఏరు నిండుగా ఉన్నన్నాళ్లూ ఎవరడిగారు గనక!

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. స్తంభం మూడడుగుల రెండంగుళాలు చూపిస్తోంది. నిజానికున్నది అంతకు నాలుగంగుళాలు తక్కువ. గేట్లు లేవలేదు.

"మీ ఏట్లో మూడడుగులుంటే మా కుళాయిలో గాలెందుకొస్తోందండీ?" అంది భార్య, ఖాళీ బిందె దించుతూ.

ఆయనకి రిటైరవడానికి మూడు నెలలుంది. నిజం చెబితే ఉద్యోగంతోపాటు పింఛనూ పోతుంది. కక్కలేడు, మింగలేడు.

మర్నాడు బావే ఆ మాట ఎత్తాడు. "నిద్ర పట్టట్లేదు బావా. చెప్పేద్దామా?"

"మూడు నెలలాగు," అన్నాడు కొలతాయన. నీళ్లు లేనిది ఈయన ఊరికి, ఆగమన్నదీ ఈయనే. సిగ్గుపడుతూనే అన్నాడు.

వారం తిరక్కుండా పడవలోంచి ఓ కొత్తాయన దిగాడు.

"మా బావేడండీ?"

"తప్పు ఒప్పుకుని రాసిచ్చేశారండీ. స్తంభం నేనొక్కణ్ణే దించానన్నారు. ఉద్యోగం తీసేశారు."

అంత బరువు రాయి ఒక్కడెలా ఎత్తాడని ఎవరూ అడిగినట్టు లేదు.

"మరి గేట్లు?"

"ఆ కాగితం పక్కన పడేశారండీ. మీవైపు సంతకం లేదుగా."

కొలతాయన పుస్తకం తెరిచాడు. మట్టం రాసే గడి వదిలేసి, కింద రాశాడు: 'ఇద్దరం కలిసి దించాం. నాలుగంగుళాలు.' సంతకం చేశాడు. కాగితం చింపి కొత్తాయన చేతిలో పెట్టాడు.

"ఇది మా బావ కాగితానికి జత చెయ్యండి. ఇప్పుడు రెండయ్యాయి."