నల్లా దగ్గర క్యోటో

మా సోషల్ సార్ పోయారని మొన్న ఆదివారం పొద్దున కబురు వచ్చింది. అప్పుడు నేను గుడిమల్కాపూర్ మార్కెట్లో ఉన్నాను. అక్కడ ఒక పూల దుకాణంలో రోజువారీ లెక్కలు రాస్తాను. బంతిపూల బస్తాలు ఇంకా దిగుతున్నాయి. కలం ఓనర్ చేతికిచ్చి, మా గల్లీ ఉన్న కిషన్‌బాగ్‌కు బస్సెక్కాను.

ఆయన నాకు బడిలో సార్ కాదు. నా బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఆయన కోస్తా నుంచి వచ్చి, ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతూ మా గల్లీలో అద్దెకుండేవారు. ఆదివారాలు వరండాలో నాతో పేపరు చదివించేవారు. ఏ దేశం పేరు వచ్చినా ముందు అట్లాసులో దాని మీద వేలు పెట్టాలి, తరువాతే వార్త. భూమి వేడెక్కడం గురించి దేశాలు జరిపే చర్చలంటే ఆయనకు మరీ పట్టుదల. రియో సభ నాటి నుంచీ ఒక్క వార్త వదల్లేదు.

"రియోల అన్ని దేశాలు ఒప్పుకున్నయంట గద సార్. ఇంక ఫికరేంది?" అన్నాను.

"ఒప్పుకున్నారండీ. ఎవరెంత తగ్గించుకోవాలో మాత్రం తేల్చుకోలేదు. అప్పుడు చూడండి తమాషా," అన్నారు.

ఆ తమాషా కొన్నేళ్లకు మా గల్లీకే వచ్చింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. గల్లీ పై భాగంలో ఇళ్లవాళ్లు నీళ్లు లాక్కోవడానికి పైపుకే మోటార్లు బిగించారు. చివరనున్న మా నల్లాలో గాలి తప్ప ఏమీ రాలేదు. మా ఆవిడ నిండు నెలలతో పక్క బస్తీ నుంచి బిందెలు మోసేది.

సార్ అందరినీ వరండాలో కూర్చోబెట్టారు. నీళ్లు అందరివీ, పొదుపుగా వాడుకుందాం అని అందరం ఒప్పుకున్నాం. చాయ్ తాగి లేచాం. మళ్లీ నీళ్లొచ్చిన రోజు మోటార్లన్నీ ఎప్పటిలాగే మోగాయి. సార్ తల పట్టుకుని, "మనమూ రియో చేశామండీ," అన్నారు.

అప్పటికి క్యోటో ఒప్పందం వచ్చింది. ఎన్నాళ్లుగానో ఎక్కువ పొగ వదిలిన ధనిక దేశాలే ముందు తగ్గించాలని అందులో ఉంది. సార్ మళ్లీ అందరినీ పిలిచి అదే పద్ధతి పెట్టారు. చివరి ఇంటి బిందెలు నిండేదాకా పైన ఎవరూ మోటారు వెయ్యకూడదు.

అందరికన్నా పెద్ద మోటారున్న బేకరీ సేటు లేచాడు. "గట్లెట్ల సార్? అందరు తగ్గిస్తెనే నేను తగ్గిస్త. ఆ చివరింటోళ్లను గూడ ఒక బిందె తగ్గియ్యమనుండ్రి."

"మాకు వస్తె గద సేటూ, తగ్గించనీకి!" అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. సేటు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"చేతులెత్తిద్దాం సార్. మనమే ఎక్కువున్నం," అన్నాను. సభలో నేను మాట్లాడింది అదొక్కటే.

"వద్దండీ. ఓడించి పంపితే ఇంకా పెద్ద మోటారు తెస్తాడు. మిగిలినవాళ్లం మొదలెడదాం. ఆయన్ని పిలుస్తూనే ఉందాం."

మిగతా మోటార్లు ఆగాయి. మా నల్లాలో సన్నటి ధార మొదలైంది. మా ఆవిడకు పక్క బస్తీ నడక తప్పింది. సార్ ప్రతి ఆదివారం బేకరీకి వెళ్లి, ఉస్మానియా బిస్కెట్లు కొని, మీటింగుందని చెప్పి వచ్చేవారు.

"క్యా సార్, నన్ను పిలిచి పిలిచి మీకు షుగరొస్తది," అనేవాడు సేటు.

అమెరికా క్యోటో నుంచి తప్పుకున్న ఏడాది, ఒక ఆదివారం సేటే వచ్చి వరండాలో కూర్చున్నాడు. "మీ బిస్కెట్ల బాధ పడలేక వచ్చిన," అన్నాడు. సార్ పేపరు మడిచి నా వైపు తిరిగి, "మనం వాళ్లకన్నా నయమండీ," అన్నారు.

పోయిన నెల కోపెన్‌హాగన్‌లో దేశాలు గట్టి ఒప్పందమేదీ లేకుండానే లేచాయి. సార్ అప్పటికే మంచం పట్టారు. ఇన్నేళ్లు ఈ చర్చల వెంటబడిన మనిషి కుంగిపోతారేమోనని ఆ వార్త ఆగి ఆగి చదివాను.

"గట్టిగా చదవండి," అన్నారు. చివరిదాకా విన్నారు. "మళ్లీ కూర్చుంటారండీ. ఎక్కడికి పోతారు? అందరిదీ ఒకటే పైపు."

నిన్న నీళ్లొచ్చాయి. పైనుంచి సేటు కేక వినిపించింది. "కింద నిండినయా?"

"ఇంకా నిండలే సేటూ, ఆగు!" అంది మా ఆవిడ.

ఒక్క మోటారూ మోగకుండా గల్లీ అంతా ఆగింది. బిందెలో పడుతున్న ధార చప్పుడు పై ఇంటిదాకా వినిపించేటంత నిశ్శబ్దం.