కామాక్షక్క సొరుగుల పెట్టె

మొన్న మా మనవరాలు కొత్తిల్లు సర్దుకుంటూ, నెల్లూరులో పాత చెక్క సామాన్లు అమ్మే ఒక దుకాణానికి నన్ను వెంటబెట్టుకు వెళ్లింది. ఒకప్పుడు మనం వద్దనుకుని వదిలించుకున్నవన్నీ అక్కడ నూనె పట్టించి వరసగా నిలబెట్టారు. మనవరాలు ఒక టేకు బీరువా సొరుగు లాగి చూసింది. నచ్చక, పట్టుకున్న ఇత్తడి పిడిని వదిలేసింది. అది చెక్క మీద పడి టక్కుమంది. ఆ చప్పుడు వినగానే నాకు కామాక్షక్క గుర్తుకొచ్చింది. అంగట్లో నిలబడి చెక్క సామాను ఎలా చూడాలో నాకు నేర్పింది ఆమే. అంతకంటే పెద్ద సంగతి కూడా ఒకటి నేర్పింది. అది చెప్పాలంటే భోషాణం దగ్గర మొదలుపెట్టాలి.

కామాక్షక్క నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. యాభైల చివర్లో, వెంకటాచలం పక్కన వరి పండించే ఆ ఇంటికి నేను కాపురానికి వచ్చేసరికి ఆమె అక్కడ పాతకాపు. సన్నటి మనిషి. మాటలు తక్కువ, ఉన్న మాటల్లో కారం ఎక్కువ. వచ్చిన మర్నాడే, నా చీరలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాను. నడవలో మంచమంత పెద్ద భోషాణం ఉంది. దాని అంచుల నిండా ఇత్తడి పట్టీలు, పట్టీల మీద ఇత్తడి పువ్వులు. మూత మీద పరుపు, పరుపు మీద మా అత్తగారు.

“ఆమె లేచినాక అడిగి పెట్టు. మళ్లీ కావాలంటే ఆమె పడుకోకముందే తీసుకో” అంది కామాక్షక్క.

వేళాకోళం అనుకుని నవ్వాను. వేళాకోళం కాదు. ఆ ఇంటి బంగారం, వెండి, పట్టుచీరలు, మా ఇద్దరి పుట్టింటి సామాను, అన్నీ ఆ ఒక్క భోషాణంలోనే. తాళంచెవి అత్తగారి నడుముకు వేలాడే గుత్తిలో. నా చీర నేను కట్టుకోవాలన్నా ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అన్నవాటికి జవాబు చెప్పాక ఆమె పరుపు చుట్టి, మూత లేపి, తన చేత్తో తీసిచ్చేది. చెడ్డమనిషి కాదు. ఇంటిల్లిపాదీ తిన్నాకే తినేది. నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుని తెల్లవార్లూ విసిరింది. కానీ భోషాణంలో పడిందంటే అది ఇంటిది, మనది కాదు.

కామాక్షక్క వాళ్లమ్మ పోయినప్పుడు పుట్టింటి నుంచి ఒక కొయ్య దువ్వెన తెచ్చుకుంది. పళ్ల మధ్య తల్లి తలవెంట్రుకలు ఇంకా చిక్కుకుని ఉన్నాయి. గుడ్డలో చుట్టి భోషాణంలో పెట్టించింది. పండగకు సర్దుతూ అత్తగారు ఆ గుడ్డ విప్పి, “పళ్లూడిన దువ్వెన, దరిద్రం” అని పొయ్యిలో వేసింది. ఆమె దృష్టిలో అది ఇల్లు శుభ్రం చేయడమే. కామాక్షక్క ఏడవలేదు, అరవలేదు. మాట్లాడడం మానేసి పని మాత్రం చేసుకుపోయింది. ఆ కోతలయ్యాక బావగారు గాజులు చేయిస్తానంటే అప్పుడు నోరు విప్పింది.

“గాజులొద్దు. ముందుకు తెరుచుకునే పెట్టె కొనియ్యండి. తాళంతో.”

బావగారు నెమ్మదస్తుడు. సరేనన్నాడు. ముందు నెల్లూరులో చూశాం. ఒక సాయిబు గారు తన అంగట్లో మాకొక పెట్టె చూపించారు. మూలమూలకూ ఇత్తడి చిలకలు, పక్కల ఎత్తడానికి బరువైన కడియాలు, నెమలి ఆకారంలో గొళ్లెం. నేను దాని ముందు నుంచి కదల్లేదు.

“ఇంత పనితనం ఇప్పుడు యాడ దొరకతాదమ్మా?” అన్నారు సాయిబు గారు.

“బాగుండాది. కానీ మూత పైకి లేచే పెట్టె మా ఇంట్లో ఉండాది. దాని మీద మా అత్త కూడా ఉండాది” అంది కామాక్షక్క. సాయిబు గారు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు.

చివరికి కావలసింది బిట్రగుంటలో దొరికింది. రైల్వే కాలనీలో ఒక ఇంజన్ డ్రైవరు కుటుంబం ఇంగ్లండు సీమకు వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తోందని బావగారికి తెలిసింది. ఆ ఇంటావిడ గౌను వేసుకుంది, తెలుగు మాత్రం మాకు దీటుగా మాట్లాడింది. నాలుగు సొరుగుల టేకు పెట్టె. ఒక్కో సొరుగుకీ ఆకు ఆకారంలో ఇత్తడి బిళ్లలు, వాటికి వేలాడే పిడులు, నడుమ తాళపు కన్నం. కామాక్షక్క ఇత్తడి వంక చూడనే లేదు. ఒక్కో సొరుగూ పూర్తిగా బయటికి లాగి, బోర్లించి, అడుగు తట్టి, వాసన చూసింది. అన్నిటికీ ఒకటే తాళంచెవి.

“రెండోది ఏదమ్మా?”

“పోయింది.”

“పోయిందంటే ఎవురి దగ్గరో ఉన్నట్టే గదా.”

“బావిలో పడిందమ్మా. చేపలొచ్చి తెరస్తాయా?” అంది ఆవిడ. ఇద్దరూ పకపకా నవ్వారు. కామాక్షక్క అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

గూడ్సులో వేయించి, వెంకటాచలం స్టేషన్లో దించి, బండి మీద ఇంటికి తెచ్చాం. అత్తగారు పెట్టె చుట్టూ తిరిగింది. “కడుపు ముందుకు తెరుచుకుంటే లచ్చిమి నిలస్తాదా?” అంటూనే పసుపునీళ్ల గుడ్డతో తుడిచింది, ఇత్తడి ఆకులకు కుంకుమ బొట్లు పెట్టింది, సొరుగుకో గుప్పెడు వడ్లు పోసింది. హారతి ఇచ్చింది. ఆ తర్వాత తాళంచెవి తీసి తన గుత్తిలో గుచ్చుకుంది. ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. ఆ ఇంట్లో తాళంచెవి అన్నది ఆమె నడుముకే చేరాలి, అంతే. మగవాళ్లకు అది కంటబడను కూడా లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

కామాక్షక్కను పెరట్లో పట్టుకున్నాను. “అక్కా, అడగవేం?”

“అడిగితే ఇస్తాది. రేపు మళ్లీ తీసుకుంటాది. ఆమెకై ఆమే ఇయ్యాల” అంది.

కామాక్షక్క ఆ పెట్టెలో ఏమీ పెట్టలేదు. శుక్రవారం శుక్రవారం చింతపండుతో ఇత్తడి తోమేది, అంతే. మా వైపు ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ఒట్టి పెట్టె ఉండకూడదు, ఉంటే ఇల్లు ఒట్టిపోతుందంటారు. వేసిన గుప్పెడు వడ్లు శాంతికే కానీ లెక్కకు రావు. అత్తగారు “ఏదన్నా పెట్టు మే” అంటే, “తాళం మీ దగ్గరే గదత్తా, మీరే పెట్టండి” అనేది. భోషాణంలోంచి తీసి ఇందులో పెట్టడానికి అత్తగారికి చెయ్యి రాదు. లక్ష్మిని నిద్రలేపి పంపినట్టని ఆమె భయం. చూడవచ్చిన అమ్మలక్కలు “లోపలేం పెట్టినారు?” అంటే అత్తగారు నన్ను కసిరేది. ఆ ఏడు కోతల ముందు వాన పడి పైరు నేలకొరిగింది. అందరూ వానను తిట్టారు. అత్తగారు పెట్టె వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే గుత్తిలోంచి తాళంచెవి ఊడదీసి కామాక్షక్క చేతిలో పెట్టింది. “తీసుకో మే. నీ పంతం సల్లంగుండ. నాకు నిద్ర పట్టడం లా.”

కామాక్షక్క ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి తాళంచెవి చెంగున ముడేసుకుంది. ఆ సాయంత్రం నన్ను పిలిచి రెండో సొరుగు చూపించింది. “ఇది నీది. నీ ఇష్టం. ఏం పెట్టినావో నాకు చెప్పబాక.” నాకు ఏడుపొచ్చేసింది. పుట్టిన దగ్గర్నుంచీ నాదంటూ ఎవరూ ఇంత చోటు చూపించలేదు. అందులో ఏం పెట్టానో మీకూ చెప్పను.

అరవైల చివరికి మామగారు పోయారు. అత్తగారు బాగా వంగిపోయింది. ఒక మధ్యాహ్నం ఆమె సొరుగుల పెట్టె దగ్గర నిలబడి ఇత్తడి ఆకును పైటతో రుద్దుతోంది. మేమిద్దరం అక్కడే బియ్యం ఏరుతున్నాం.

“కామాక్షీ, ఆ అడుగుది ఒట్టిదేనా?”

“ఒట్టిదే అత్తా.”

“నాకియ్యి మే.”

నేను ఆగలేకపోయాను. “భోషాణమంతా మీదే గదత్తా!”

“అది ఇంటిది” అంది ఆమె. “నాదని యాడుండాది?”

ఇన్నేళ్లూ ఆ మాట నాకు తట్టనే లేదు. కామాక్షక్క చేట పక్కన పెట్టి లేచింది. పై సొరుగులో ఉన్న తన మూటను తీసి అడుగు సొరుగులో పెట్టుకుంది. “మీరు వంగలేరు. పైది తీసుకోండి” అని తాళంచెవి ఆమె చేతికిచ్చింది. అత్తగారు బొడ్లోంచి చిన్న గుడ్డమూట ఒకటి బయటికి తీసింది. అంత గుత్తి కింద, అన్నేళ్లు, అదెక్కడ దాచుకుందో! నేను మెడ సాచాను. కామాక్షక్క నా మోచెయ్యి పట్టుకుని బరబరా వరండాలోకి లాక్కొచ్చింది.

“చూడబాక” అంది. “సర్దుకోనీ.”

కామాక్షక్క పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ మా కోడలు బీరువా తెరిస్తే నేను లేచి వరండాలోకి నడుస్తాను.

“కూచో అత్తా, నీకు తెలియనివి ఏముంటాయి?” అంటుంది.

“ఉండాల మే” అంటాను.